కొయ్య దాటిన గాలం

మహాలక్ష్మికి ఇసకకుప్పంలో సగం మంది భయపడతారు. తక్కిన సగం మంది ఆమె చుట్టాలు, వాళ్లు భయపడనట్టు కనిపిస్తారు. దొరవారిసత్రం నుంచి తూర్పుగా పోతే పులికాట్ సరస్సు అంచున ఉండే చిన్న పల్లె అది. చేపల ధరైనా, పెళ్లి సంబంధమైనా, రేపు వాన వస్తుందా రాదా అన్నదైనా మహాలక్ష్మి ఒకసారి చెప్పిందంటే ఇక అంతే. పట్టిన కుందేటికి మూడే కాళ్లు. మొగుడు పెంచల్ ఆ కుందేలు కాళ్లు లెక్కపెట్టడం పెళ్లయిన కొత్తలోనే మానేశాడు. పడవ మీద గాలితో ఎటూ తగువు తప్పదు, ఇంటికొచ్చి కూడా ఎందుకని ఆయన ఆలోచన.

అయితే ఒక్క విషయంలో మాత్రం ఆమె చెప్పుకునే గొప్పలో పిసరంత అబద్ధం ఉండదు. చేతి గాలం వేయడంలో ఆ చుట్టుపక్కల ఆమెకు సాటి లేరు.

సముద్రపు నీళ్లు సరస్సులోకి వచ్చిపోయే కాలువ మీద ఊరికి ఒక వంతెన ఉంది. నీళ్లు సముద్రం వైపు లాగే పాటు వేళకు ఊళ్లో ఆడవాళ్లు ఆ వంతెన మీద వరసగా నిలబడి గాలాలు వేస్తారు. కర్రలూ గిర్రలూ ఏమీ ఉండవు. నైలాను తంగూసు చుట్ట విప్పి కాళ్ల దగ్గర పోసుకుని, చివరనున్న సీసం గుండును తల మీదుగా గిరగిరా తిప్పి వదలడమే. వంతెన ఉత్తరపు కొసన లోతైన మడుగు ఉంది, మంచి ధర పలికే పండుగప్పలు అక్కడ ఉంటాయి. దక్షిణపు కొసన మోకాలి లోతు. అక్కడ పడేవి చిన్నచిన్న జెల్లలు. అందుకే దాన్ని జెల్లల పక్క అంటారు.

ఉత్తరపు కొసన ఎవరు నిలబడాలన్నదానికి ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. మడుగు అంచున నీళ్లలో ఒక సరుగుడు కొయ్య పాతి ఉంటుంది. ఏటా వానలకు సముద్రపు మొగ తెరుచుకుని నీళ్లు సర్దుకున్నాక, ఒక ఉదయం ఊరి పెద్ద కాపు కామాక్షయ్య ముందు అందరూ గాలం విసరాలి. మనిషికి రెండు విసుర్లు. గుండు కొయ్య దాకా చేరితే ఆ ఏడంతా మడుగు పక్కన చోటు ఉంటుంది. చేరకపోతే జెల్లల పక్కకు పోవాలి. ఇందులో కక్షేమీ లేదు. పొట్టిగా పడిన తంగూసు పాటులో కొట్టుకొచ్చి అందరి గాలాలకూ అడ్డం పడుతుంది, పడ్డ చేప తెంపుకుపోతుంది. మహాలక్ష్మి గాలం ఏనాడూ కొయ్య దగ్గర ఆగలేదు, దాన్ని దాటి పడేది.

ఈ వేసవిలో ఆమె కుడి భుజం పట్టేసింది. పెద్ద కథేమీ జరగలేదు. ఒక పొద్దున జడ వేసుకోబోతే చెయ్యి పైకి లేవలేదు. సూళ్లూరుపేటలో డాక్టరు మందులిచ్చి, గోడకు చెయ్యి ఆనించి చేసే కసరత్తులు చూపించి, చెయ్యి తల మీదికెత్తి తిప్పే పని ఇక పెట్టుకోవద్దన్నాడు. ఇంకేం పని ఉందని తనకు? ఆ మాట డాక్టరుకు చెప్పలేదు. ఇంటికొచ్చి పెంచల్‌కూ చెప్పలేదు. కసరత్తులతో నొప్పి తగ్గింది కాని చెయ్యి చెవి దాటి లేవలేదు. మహాలక్ష్మికి భయమేసింది. వయసుకు భయపడలేదు, నొప్పికి భయపడలేదు. అందరి కళ్ల ముందూ బుట్ట చంకన పెట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకు నడిచి రావాల్సిన రోజుకు భయపడింది.

దారి చూపింది ఎవరో కాదు, ఆమె ఇన్నాళ్లూ ఎగతాళి చేసిన మనుషులే. ఆదివారాలు చెన్నై నుంచి కార్లలో షోకు వేటగాళ్లు వస్తారు. టోపీలు, నల్లకళ్లద్దాలు, చేతుల్లో సన్నటి కర్రలు. "కర్ర బట్టుకోని చేపని బతిమాలుకుంటాండారు" అని ఆమె నవ్వేది. ఒక ఆదివారం నవ్వు మధ్యలో ఆగిపోయింది. వాళ్లలో ఒకాయన మోచెయ్యి నడుము దగ్గరే ఉంచి, పక్క నుంచి కర్రను ఒక్క విదిలింపు విదిలించాడు. గుండు పోయి కొయ్యకు అవతల పడింది. ఆయన చెయ్యి రొమ్ము దాటి లేవలేదు.

మర్నాడే ప్యాసింజరు ఎక్కి గూడూరు పోయింది. తోడు ఏంజెలిన్‌ను తీసుకుపోయింది. ఏంజెలిన్ పక్కింటి మనిషి, ఆమె కన్నా పదేళ్లు చిన్న. రెండేళ్ల కిందట బురదలో జారి మణికట్టు విరిగి, అతుక్కున్నా బలం రాక, అప్పటి నుంచి జెల్లల పక్కన నిలబడుతోంది. ఎవరేమన్నా నవ్వి ఊరుకునే మనిషి. మహాలక్ష్మి లాంటి వాళ్లకు ఇలాంటి వాళ్లే తోడుగా కుదురుతారు.

గూడూరులో నిమ్మకాయల మార్కెట్టు వెనక యాసీన్ అంగడి. వాళ్ల నాన్న చోటే సాహెబ్ అక్కడ సైకిలు సామాన్లు అమ్మేవాడు. కొడుకు వచ్చాక సైకిళ్లు తగ్గాయి, గాలాలు పెరిగాయి. వలదారం, కొక్కీలు, గోడ నిండా కర్రలు.

"గట్టిది చూపించు నాయనా. నలుగురు లాగినా ఇరగగూడదు" అంది మహాలక్ష్మి.

చూపించినవన్నీ ఒక్కొక్కటే చేత్తో తూచి, అన్నింట్లోకి బరువైనది పట్టుకుంది. లావాటి ఫైబరు కర్ర, దానికి తంగూసు చుట్టుకునే తళతళలాడే లోహపు రీలు. బరువుంటేనే బలమని ఆమె లెక్క. గుండైనా, లంగరైనా, ఇంటి తలుపైనా అంతే కదా.

"అమ్మా, చేపని పట్టేదానికా, దొంగని కొట్టేదానికా?" అన్నాడు యాసీన్.

"రెండిటికీ పనికొస్తే నీకేం నష్టం?"

"నాకేం లేదు. దాన్నట్టే చెయ్యి చాపి పట్టుకోనుండండి. టీ చెప్తా."

టీ వచ్చేసరికి కర్ర కొన కొక్కీల డబ్బాలోకి దిగిపోయింది. మహాలక్ష్మి నుదుటి మీద చెమట. "టీ అందుకుందామని నేనే దించినా" అంది. ఏంజెలిన్ గబుక్కున తల తిప్పుకుని బయట నిమ్మకాయల లారీ వైపు చూడసాగింది.

తరువాత యాసీన్ ఒక నల్లటి కర్ర ఇచ్చాడు. చేతిలో ఏదో ఉందన్నట్టే లేదు. "ఇదేం కర్ర? చీపురు పుల్ల" అంది. అది కార్బన్ అనీ, తేలికే కాని రాయికో గోడకో గట్టిగా తగిలితే లోపల చిట్లుతుందనీ, పైకి తెలియదనీ, పెద్ద చేప పడ్డ రోజున ఫటుక్కుమంటుందనీ అతను చెప్పాడు.

"మీరు నిలబడేది వంతెన మీద. పిట్టగోడకి రోజుకి పదిసార్లు తగలకుండా ఉండదు. అందుకని ఇది చూడండి. కార్బనూ ఫైబరూ కలిపి చేసింది. దానికన్నా కొంచెం బరువు. దెబ్బలకి తట్టుకుంటాది. పిడి చూసినారా, పొడుగ్గా ఉండాది. రెండు చేతులూ వేయొచ్చు. ఎడం చెయ్యి లాగతాది, కుడి చేతికి శ్రమ లేదు."

రీలు దగ్గర మాత్రం ఇద్దరికీ పడలేదు. కర్ర కింద వేలాడే రకం తీసుకోమని యాసీన్. కొత్తవాళ్లకు అదే సులువు, చిక్కు పడదు. మహాలక్ష్మి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"విసిరినాక తంగూసు మీద నా వేలు యాడుంటాది?"

"ఉండదమ్మా. దానంతటదే పోతాది."

"నా వేలు లేకుండా నా గాలం యాడికిబోతాది? ఇంకోటి చూపించు."

అప్పుడు పైన కూర్చునే రకం తీశాడు. చిన్న గిలక లాంటి చుట్ట, దాని మీద సరిగ్గా బొటనవేలు పడే చోటు. ముప్పై ఏళ్లు తంగూసు కోసి గట్టిపడ్డ మహాలక్ష్మి బొటనవేలు ఆ చుట్ట మీద ఆనింది. తంగూసు కదలడం, ఆగడం, వదులవడం అంతా వేలికి తెలిసింది. ఆమె ముఖం విప్పారింది.

"ఇదీ" అంది.

"ఇది చేతికొచ్చేదాకా ఏడిపిస్తాదమ్మా. గుండు నీళ్లలో పడేటప్పుడు వేలితో ఆపకపోతే చుట్ట ఇంకా తిరగతానే ఉంటాది. తంగూసంతా పిట్టగూడు కట్టేస్తాది. పక్కన ఈ బ్రేకు ఉండాది, మొదట్లో బాగా బిగించుకోని..."

"నాకా చెప్తాండావు" అంది మహాలక్ష్మి.

యాసీన్ మెరిసే లోహపు రీలు పక్కనపెట్టి, అదే రకంలో ఉప్పునీళ్లకు తుప్పు పట్టని నల్లటిది ఇచ్చాడు. కర్రకు బిగించి, రీలుకు ముందు ఒక్క వేలు ఆనించి నిలబెట్టాడు. కర్ర ఎటూ వాలకుండా నిలిచింది. కర్ర కొన బరువైతే పాటు ముగిసేలోపు మణికట్టు పడిపోతుందని, ఇట్లా తూగితే రోజంతా పట్టుకోవచ్చని చెప్పాడు. మణికట్టు మాట వినపడగానే ఏంజెలిన్ ఒక్కసారి దాన్ని అడిగి పట్టుకుని చూసి, మళ్లీ ఇచ్చేసింది. చీటీ ఎత్తిన డబ్బులు చెంగు ముడిలోంచి తీసి ఇచ్చి, మహాలక్ష్మి కర్ర చంకన పెట్టుకుంది.

కొత్త సామాను నీళ్లలో దించే ముందు పూజ చేయకుండా ఉంటారా? పడవకు చేస్తారు, ఇంజనుకు చేస్తారు, వలకు చేస్తారు. మహాలక్ష్మి కర్రకు బారునా పసుపు రాసి, కుంకుమ పెట్టి, రీలుకు నాలుగు వైపులా దిట్టంగా పసుపు మెత్తి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు ఇంజను మీద పోసినట్టే ధారగా పోసింది. ఏంజెలిన్ కూడా పక్కన నిలబడి కళ్లు మూసుకుని తన ప్రార్థన తాను చేసింది. ఇద్దరు దేవుళ్లకు అప్పజెప్పిన రీలు అది.

సరస్సు ఆరిన చోట, బీటలు వారిన నేల మీద, కొక్కీ లేకుండా ఉత్త గుండు కట్టి అభ్యాసం మొదలుపెట్టింది. బ్రేకు బిగించడం చేతకాని వాళ్లు చేసే పనని మొత్తం వదులు చేసింది. మొదటి విసురుకే పిట్టగూడు. అది విప్పుకునేసరికి మేకలు ఇంటికి మళ్లాయి. పెంచల్ గట్టు మీద కూర్చుని "గూడు బానే కట్టినావు, గుడ్లెప్పుడు పెడతావు?" అన్నాడు. ఆ రాత్రి ఆయనకు పులుసులో చేప తల దొరకలేదు.

మూడో రోజుకు రీలు పూర్తిగా మొరాయించింది. ఎంత విదిలించినా గుండు కాళ్ల దగ్గరే పడుతోంది. చుట్ట తిరగనంటోంది. మహాలక్ష్మి కోపంతో కర్రనూ ఏంజెలిన్‌నూ వెంటేసుకుని మళ్లీ గూడూరు రైలెక్కింది. అంగట్లో నలుగురున్నారని కూడా చూడలేదు.

"నువ్వు మీ నాయన పేరు చెడగొడతాండావు యాసీనూ. చోటే సాహెబ్ అమ్మిన సైకిలు ఇంకా మా వీధిలో తిరగతాంది. నువ్వమ్మింది మూడు దినాలు తిరగలా."

యాసీన్ రీలు పక్క మూత విప్పాడు. లోపల పచ్చగా ఉంది. చుట్ట తిరిగే చోట పసుపు ముద్దకట్టి, కొబ్బరినీళ్ల జిగురుతో బంకలా పట్టుకుపోయి ఉంది. రెండు చీమలు కూడా ఉన్నాయి. అంగట్లో అందరూ ఒంగి చూశారు.

"ఏందిదమ్మా?"

"పూజ" అంది మహాలక్ష్మి. "పూజ చెయ్యకుండా నీళ్లలో దించమంటావా?"

"చెయ్యండమ్మా. కర్రకి చెయ్యండి. దీనికి దూరాన్నుంచి దండం పెట్టుకుంటే చాలు."

అంగట్లో వాళ్లు నవ్వారు. ఆడలేక మద్దెల ఓడంటారే, అది తనకే తగిలిందని ఆమెకు తెలుసు. చెవులు వేడెక్కాయి. కాని లేచిపోలేదు. యాసీన్ బ్రష్షుతో ఒక్కో ముక్కా కడిగి, ఆరబెట్టి, చుక్క నూనె వేసి బిగించే దాకా ఎదురుగా కూర్చుని చూసింది. ఉప్పునీళ్లలో వాడినప్పుడల్లా మంచినీళ్ల తడిగుడ్డతో తుడవాలన్నాడు. సరేనంది. కట్టకడపట, అంగడి ఖాళీ అయ్యాక, గొంతు తగ్గించి "ఆ బ్రేకు సంగతేందో మళ్లా ఒకతూరి చెప్పు" అంది.

తిరుగు రైల్లో మహాలక్ష్మి అడిగింది.

"జెల్లల పక్కన ఎట్టుంటాది మే?"

ఏంజెలిన్ కిటికీలోంచి చూస్తూ చెప్పింది. "ఏముంటాదక్కా. నీళ్లు అవే, గాలి అదే. పెద్ద చేపలు పడవు, అంతే. జనం గూడా అటు చూడరు. మొదట్లో ఏడుపొచ్చేది."

రెండేళ్లుగా అదే వంతెన మీద నిలబడుతూ తాను ఆ కొసకు ఒక్కసారీ నడవలేదని మహాలక్ష్మికి తట్టింది. మనసుకు కష్టంగా అనిపించింది. ఏమనాలో తెలియక, గూడూరులో కొన్న పల్లీల పొట్లం మొత్తం ఏంజెలిన్ ఒళ్లో పెట్టింది.

అప్పటి నుంచి బ్రేకు బిగించే విసిరింది. వేలికి అలవాటైన కొద్దీ కాస్త కాస్త వదులు చేసింది. మోచెయ్యి నడుముకు ఆనించి, ఎడమచేత్తో పిడి కొస లాగి, నడుము తిప్పి విదిలించడం ఒంటికి పట్టింది. పిట్టగూళ్లు తగ్గాయి. భుజం నొప్పి పెట్టలేదు. వానలు వెనకపట్టేసరికి మహాలక్ష్మి మళ్లీ చేపల ధరల మీద తీర్పులు చెప్పడం మొదలుపెట్టింది.

విసుర్ల రోజు పొద్దున పాటు అప్పుడే మొదలైంది. కామాక్షయ్య పిట్టగోడ పక్కన నిలబడ్డాడు. ఒక్కొక్కరే విసిరారు. మడుగు పక్కన చోటు కోసం రెండేళ్లుగా ప్రయత్నిస్తున్న రేవతి, పాతికేళ్ల పిల్ల, గుండును గిరగిరా తిప్పి కొయ్యకు బారెడు అవతల పడేసింది. అందరూ మెచ్చుకున్నారు. మహాలక్ష్మి కూడా మెచ్చుకుంది.

ఆమె వంతు వచ్చింది. కర్ర చూడగానే గుసగుసలు. మొదటి విసురు భయంతో వేలు ముందే ఆనడం వల్ల కొయ్యకు ఇవతలే పడింది. రెండోదానికి ఊపిరి బిగబట్టి, నడుము తిప్పి, విదిలించింది. చుట్ట బొటనవేలి కింద సర్రున తిరిగింది. గుండు కొయ్య మీదుగా పోయి, రేవతి గుండు పడిన చోటు కూడా దాటి నీళ్లలో పడింది. సరిగ్గా అప్పుడే వేలు ఆనింది. ఒక్క పోగు కూడా చిక్కుపడలేదు.

మహాలక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు, గర్వంగానే నిలబడింది.

"అత్తా, కోపం తెచ్చుకోబాక" అంది రేవతి. "కొయ్య దాటింది కర్ర. నీ చెయ్యి గాదు."

కామాక్షయ్య గడ్డం రుద్దుకుంటూ ఆలోచించాడు.

"చేరాలన్నారు పెద్దలు. దేంతో చేరాలో అన్లా" అన్నాడు. "కాని మహాలక్ష్మీ, ఒక మాట. కర్ర లెక్కకొస్తాదంటే అందరికీ లెక్కే. రేపు ఆ కొసనోళ్లంతా కర్రలు తెస్తారు. ఈడ నిలబడేదానికి చోటుండదు, నీ చేపలు సగమైపోతాయి. అట్టా వద్దంటే, భుజం బాలేదు గాబట్టి నీకొక్కదానికీ ఇచ్చినామని చెప్తా. దాంతో సరి. నీ ఇష్టం."

మంచి బేరమే. తన చోటు తనకుంటుంది. మహాలక్ష్మి నోటిదాకా వచ్చింది సరేనని. కాని జాలిపడి ఇచ్చిన చోటులో నిలబడి తాను ఎవరికైనా ఏం చెప్పగలదు? తల తిప్పి దక్షిణపు కొస వైపు చూసింది. ఏంజెలిన్ అక్కడే ఉంది, ఇటు రాలేదు, కాని కొయ్య దాటడం చూసినట్టుంది, నవ్వుతోంది.

"అందరికీ లెక్కే పెద్దయ్యా. ఏంజెలిన్, ఇట్టా రా" అని పిలిచింది.

ఆమె రాగానే కర్ర చేతిలో పెట్టింది. "విసురు."

"నేనా? నా వల్ల గాదక్కా."

"అవునో కాదో చూద్దాం. ఎడం చేత్తో లాగు. మోచెయ్యి లేపబాక."

ఏంజెలిన్ కళ్లు మూసుకున్నంత పని చేసి విదిలించింది. గుండు సగం దూరమే పోయి పడింది. వేలితో ఆపడం మరిచిపోయింది. చుట్ట తిరుగుతూనే ఉంది, తంగూసంతా పొంగి పెద్ద పిట్టగూడై కూర్చుంది. వంతెన మీద ఒకటే నవ్వు. ఏంజెలిన్ ముఖం వాడిపోయింది.

"చేరలా" అన్నాడు కామాక్షయ్య.

"ఇంకో విసురుంది గదా ఆ మనిషికి?"

"ఉండాది. కాని ఈ చిక్కు..."

"నేను తీస్తా."

మహాలక్ష్మి వంతెన మీద చతికిలబడి, రీలు ఒళ్లో పెట్టుకుని, గాజుకు తగిలించిన పిన్నీసు తీసింది. ఒక్కో పోగూ ఎత్తి వదులు చేయసాగింది. పాటు జోరందుకుంది. మడుగులో ఒక పండుగప్ప తోక కొట్టిన చప్పుడు అందరికీ వినిపించింది. మిగతావాళ్లు గబగబా ఎర గుచ్చుకుంటున్నారు. మహాలక్ష్మి చోటు ఖాళీగా ఉంది.

"నీ పాటు పోతాంది అక్కా" అంది ఏంజెలిన్ పక్కన కూర్చుంటూ.

"పోనీ. రేపు రాదా?"

కామాక్షయ్య ఎండ వైపు చూశాడు. "ఎంతసేపు పడతాది?"

"పడినంతసేపు పడతాది" అంది మహాలక్ష్మి తల ఎత్తకుండానే. "కూర్చో పెద్దయ్యా."

కామాక్షయ్య పైగుడ్డ తీసి నేల మీద పరుచుకుని కూర్చున్నాడు.